గ్రాఫులో గుంట

అబ్జర్వేటరీలో బావ గది. కింద హాల్లో ఆయన ఉపన్యాసానికి జనం చేరుతున్నారు. రెండేళ్లుగా ఈ మనిషి మీద పళ్లు నూరుతున్న మరదలు ఇవాళ నవ్వుమొహంతో లోపలికి వచ్చింది.

“టై వంకరగా ఉంది బావా.”

“నువ్వా? రావనుకున్నా. మీ అక్క...”

“ముందు వరసలో కూర్చుంది. చుట్టాలందర్నీ ఫోన్లు చేసి మరీ పిలిపించింది.”

“కోపం పోయిందన్నమాట.”

“ఏ కోపం?”

“అదే, ఆ పరిశీలన నీదని ఏదో...”

“నీ పరిశోధన పేపర్ అచ్చయిందిగా. అందులో నా పేరు లేదు కదా?”

“చూడు, నీ పేరు కూడా పెడదామనే అనుకున్నా, కానీ...”

“లేదు కదా?”

“లేదు.”

“మంచిది. ఏదీ, కింద చెప్పబోయేది ఒకసారి చెప్పు, వింటా. చుట్టాలకి కూడా అర్థం కావాలిగా.”

“ఎక్కడో దూరాన క్వేజార్. పెద్ద దీపం అనుకో. మనకీ దానికీ మధ్య ఒక గెలాక్సీ. దాని చుట్టూ కంటికి కనపడని వాయుమేఘం. దీపం వెలుగు అందులోంచి వస్తుంటే, మేఘం ఒక రంగుని మింగేస్తుంది. గ్రాఫులో అక్కడ గుంట పడుతుంది. ఆ గుంటే మేఘానికి సాక్ష్యం.”

“బాగా చెప్పావు. మరి పక్క నక్షత్రం?”

“ఏ నక్షత్రం?”

“గుంట కనపడగానే పక్కనున్న మామూలు నక్షత్రాన్ని కూడా చూస్తాం కదా. దాని ముందు ఏ గెలాక్సీ ఉండదు. అక్కడ గుంట పడకూడదు.”

“అది నువ్వు చూసే ఉంటావులే.”

“చూశాను. నువ్వు నా కంప్యూటర్లోంచి ఫైలు ఎత్తుకెళ్లిన మర్నాడు.”

“ఎత్తుకెళ్లడమేంటి, ఇంట్లోవాళ్లం... సరే, చూస్తే?”

“అక్కడా ఉంది.”

“ఏముంది?”

“గుంట. అదే చోట, అంతే లోతు.”

“అంటే... మేఘం...”

“గెలాక్సీ దగ్గర లేదు బావా. మన నెత్తి మీదుంది. ఆ రంగుని మింగింది మన గాలిలో తేమే.”

“రెండేళ్లు... రెండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నావా?”

“కూర్చున్నా. ఈ రోజు కోసమే కూర్చున్నా.”

“మీ అక్క మొహం చూసైనా చెప్పొచ్చు కదే.”

“చూసిన రోజే పరిగెత్తుకొచ్చా, చెబుదామని. ఇదిగో, ఈ గుమ్మంలోనే ఆపేసి, ‘ఇక ఆ పనితో నీకే సంబంధం లేదు’ అన్నావు. పద, కింద పిలుస్తున్నారు. మొదటి ప్రశ్న నాదే.”