హార్పరమ్మ అంటేనే పలుకుతా

"అవ్వా, నీకు ఈ ఇంగ్లీషు పేరు యాడిది?"

యాడిదంటే ఏం సెప్పేది పాపా... ఫోన్లో నా మాట ఎక్కుతాందా? సరే. కోసిగి పక్కన మా పుట్టినూర్లో, ఎప్పుడో కరువులో, హార్పరని ఒక తెల్లదొర బావి తవ్విచ్చినాడంట. మా తాత కాలం... కాదులే, వాళ్ళ నాయన కాలం. నీళ్ళు పడినాయి. ఆ పొద్దు నుంచి అది హార్పర్ బావి. ఇంటికి తొలి కొడుకు పుడితే హార్పరప్ప, ఆడబిడ్డయితే హార్పరమ్మ. మా చిన్నాయన ఎద్దుకూ అదే పేరు! వీధిలో నిలబడి హార్పరూ అంటే ఇద్దరు మనుషులూ ఒక ఎద్దూ తిరిగి సూస్తాండ్రి. వాళ్ళ దేశంలో అది తంబూరా మాదిరిది వాయించేటోళ్ళ ఇంటిపేరంట, మీ నాయన సెప్పినాడు. ఉండనీలే. మాకు మాత్రం అది నీళ్ళు.

పెండ్లయి ఎమ్మిగనూరు వస్తినా, మీ తాత వాళ్ళింట్లో కోడలు గడప తొక్కంగానే కొత్త పేరు పెడతారు. మాయత్త "నాకు నోరు తిరగదు, నువ్వు లక్ష్మివి" అనె. నాకు కడుపు మండిపాయ. మా ఊరి నీళ్ళ పేరు, యాడ పారేసేది? లక్ష్మీ అంటే పలకలే. ఆమె అరిసి అరిసి గొంతు పోగొట్టుకొనె. మీ తాతకేం, "ఏమే" అంటే సరిపాయ.

అట్లనే మగ్గం గుంటలో కూర్చొని, మా బావి మెట్లు తలుచుకొని, చీర అంచులో మెట్లు నేసినా. చీర అప్పుడెంత, ముప్పై రూపాయలో ఏమో... పక్క మగ్గాలోళ్ళు హార్పరమ్మ అంచు, హార్పరమ్మ అంచు అనబట్టిరి.

ఒక ఏడు పని దొరక్క మగ్గం ఆగిపోయేటట్లుండె. అప్పుడొచ్చినాడు ఆదోని నుంచి చీరల షావుకారు. "హార్పరమ్మ అంచు నేసే ఇల్లు ఇదేనా?" అనె. మాయత్త "ఆ పేరుగలోళ్ళు ఈడ లేరప్పా" అనేసె! ఆయప్ప సరేనని అరుగు దిగె. లేసి పోదామా అనుకొంటి. పోలే. మాయత్త లోపలికి తిరిగి "లక్ష్మీ, రావే" అనె. నేను మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడిచ్చేది ఆపలే. ఆయప్ప సందు మలుపు కాడికి పోయినాడు. అప్పుడు సూడు పాపా, మాయత్త కొంగు నడుముకు చెక్కి, ఊరంతా ఇనపడేటట్లు "హార్పరమ్మా! ఓ హార్పరమ్మా! నీకోసం వచ్చినారే!" అని కేక! ఎంత బాగా తిరిగె నోరు!

"వస్తాండా అత్తా" అంటి. గెలిచినా పాపా, ఆ పొద్దు నేను గెలిచినా. షావుకారు తిరిగొచ్చె, మగ్గం ఆగలే. మాయత్త మంచం పట్టినాక కూడా, నీళ్ళు కావాల్నంటే "హార్పరమ్మా" అనే అడిగె...

సల్లగా ఉండు తల్లీ, నువ్వూ నీ కడుపులో బిడ్డా. నా పేరే పెట్టాలని ఏం లే, నీకు నచ్చింది పెట్టు. పెట్టినాక మాత్రం, ఎవరు మార్చి పిలిచినా పలకొద్దని నేర్పియ్యి.