శనివారానికి సరిపడే స్పీకరు

స్పీకర్లు బాగుచేసే కొట్టు, దాని వెనకే ఇల్లు. కలప కోతమిల్లులో పనిచేస్తూ, శనివారాలు ఒక హోటల్లో బ్యాండుతో గిటారు వాయించే మనిషీ, అతని చెల్లెలి భర్తా మాట్లాడుకుంటున్నారు. పగలు పదకొండు దాటింది.

“పొద్దున లేచి చూస్తే ఆకాశం మసిగుడ్డ ఆరేసినట్టుంది. కురవదు, విడవదు. అచ్చం మా కీబోర్డువాడి మొహం. మూడేళ్లుగా చూస్తున్నాను, ఆ మొహంలో ఎండా లేదు, వానా లేదు.”

“గిటారు తడవలేదు కదా బావా?”

“తడవాలంటే వాన పడాలిగా. ఇదుగో, సంచిలోంచి తీస్తున్నాను. నువ్వు ఆ కాలే టంకం కడ్డీ అవతల పెట్టు. శనివారానికి ఇంక నాలుగు రోజులే. మిల్లుకి సెలవు పెట్టి వచ్చాను, ఇవాళ తేలిపోవాలి.”

“ఏం తేలాలి?”

“నాచేత చెప్పించాలనా? హోటలు మేనేజరన్న మాట నీదాకా రాలేదా?”

“వచ్చింది.”

“వస్తే మళ్లీ అడుగుతావెందుకు? ఈ శనివారం కూడా శబ్దం ఇలాగే ఉంటే గిటారు మానెయ్యండి, కీబోర్డు చాలు అన్నాట్ట. నా ఎదురుగా అనలేదు. మా పాటలమ్మాయితో అన్నాడు. ఆ అమ్మాయి డ్రమ్ములవాడితో, వాడు నాతో. ఇన్ని నోళ్లు తిరిగి వచ్చేసరికి అది మేనేజరు మాటో వీళ్ల మాటో కూడా తెలియదు. ఆ బ్యాండు పెట్టింది ఎవరు?”

“నువ్వే.”

“దానికి పేరు పెట్టింది?”

“నువ్వే బావా.”

“మరి? నేను లేకుండా వాయిస్తారట. ఇల్లు కట్టినవాణ్ణి బయటికి తోసి గడియ పెట్టుకుంటారట.”

“సరేలే. ఏం కావాలో చెప్పు, చూద్దాం.”

“చౌకది కావాలి. చౌక అన్నాను కదా అని చెత్త అంటగట్టకు. మీ అక్కయ్య కుట్టుమిషనుకి మోటారు కొనమని ఏడాదిగా అడుగుతోంది. ఆ డబ్బే ఇది. శనివారం అయ్యాక చూద్దామన్నాను. ఏమీ అనలేదు. అనకపోతేనే నాకు భయం.”

“బజారులో చూశావా?”

“నిన్న ఆ అద్దాల షాపుకెళ్లాను. మెడకి టై కట్టుకున్నవాడొకడొచ్చి, మీరు ఏ తరహా సంగీతం వాయిస్తారు సార్ అన్నాడు. వాయిస్తాను, విని నువ్వే చెప్పు అన్నాను. ఒక్కోటీ తగిలించి చూపించాడు. ధర వినగానే నా గిటారు సిగ్గుపడింది. పోనీ ధరకి తగ్గ శబ్దమా? అన్నీ దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టున్నాయి. సన్నతీగ మోగడం లేదేమయ్యా అంటే, మోగుతోంది కదా సార్ అంటాడు. ట్రెబుల్, అదే సన్నశబ్దాల మీట, పెంచమన్నాను. పెంచాడు. ఇంకా అన్నాను. ఇంకా పెంచి, వాడు బయటికెళ్లి నిలబడ్డాడు.”

“బయటికా?”

“గిరాకీని వదిలేసి. వాడి వెనకే క్యాషు దగ్గర కూర్చున్నావిడ కూడా వెళ్లింది. అలాంటివాళ్లకి నెలనెలా జీతాలు.”

“ఊఁ.”

“ఏమిటా ఊఁ?”

“ఏం లేదు. ఇది చూడు. గిటారు కోసం చేసిన చిన్న ఆంప్లిఫయరు. గిటారుకి ఒక దారి, గొంతుకి ఒక దారి. ఒక టీచరమ్మ అమ్ముకుని వెళ్లింది. పాతదే కానీ లోపలంతా నేను విప్పి చూశాను. కొత్తదానికి సగం ధర కూడా పడదు.”

“ఇదా? ఇది భుజానికి తగిలించుకుని పాత పేపర్లు కొంటామని వీధి వీధీ తిరగచ్చు. అక్కడ నూట యాభైమంది కూర్చుంటారయ్యా.”

“వాళ్లకి హోటలు స్పీకర్లున్నాయి. ఇది నీకు నువ్వు వినబడడానికి. దీని వెనక నుంచి ఒక తీగ అందరి శబ్దాలూ కలిపే మిక్సరులోకి పోతుంది, అక్కణ్ణించి పెద్ద స్పీకర్లలోకి. అంతకంటే నీకు అక్కర్లేదు.”

“నాకెంత అక్కరో నువ్వు చెప్తావా? సరే, తగిలించు. ఆన్ చేశావా?”

“చేశాను. వాయించు.”

“చూశావా? ముద్ద. తడిసిన మొద్దు మీద కర్రతో కొట్టినట్టుంది.”

“నాకు బాగానే ఉంది.”

“నీకు బాగానే ఉంటుంది. జీవితమంతా మీటింగు మైకులు బాగుచేసినవాడివి. హలో హలో అంటే వినబడితే నీకదే సంగీతం. ట్రెబుల్ తిప్పు.”

“సగం పైనే ఉంది.”

“ఇంకా.”

“ముప్పాతిక.”

“అయితే ఇది పాడైపోయింది. టీచరమ్మ ఊరికే అమ్మలేదు. ఇంకోటి చూపించు.”

“ఇంకోటంటే ఈ నిలువు స్పీకరుంది. గొట్టంలా ఉంటుంది, చేత్తో పట్టుకుపోవచ్చు. తగిలిస్తున్నాను. వాయించు.”

“ఇదీ అంతే. అటుదీ ఇటుదీ ఒక తల్లి పిల్లలే.”

“రెండింటిదీ ఒకటే జబ్బంటే స్పీకర్లది కాదేమో బావా. గిటారు లోపల శబ్దం పట్టడానికి అతికించిన ఆ పికప్ బిళ్లదేమో. ఎవరు అతికించారు?”

“నేనే. మిల్లు జిగురుతో. జన్మలో ఊడదు.”

“ఊడదు సరే. జిగురు మందంగా పెడితే చెక్క ఊపు బిళ్లకి అందదు.”

“ఇరవై రెండేళ్లుగా రంపం పక్కన నిలబడుతున్నవాణ్ణి. వేలితో కొట్టి అది ఏ చెట్టో, ఎన్నాళ్లు ఎండిందో చెప్తాను. నాకు చెక్క సంగతి చెప్పకు.”

“ఇప్పటికీ చెప్తావా?”

“ఏం?”

“వేలితో కొట్టి.”

“ఎందుకు చెప్పను? ఈ మధ్య సరైన చెక్క రావడం లేదు, అది వేరే సంగతి. ఏది కొట్టినా ఒక్కలాగే పలుకుతోంది. పచ్చి మొద్దులు తెచ్చి పడేస్తున్నారు. మేస్త్రీకి చెప్తే నవ్వుతాడు. వాడికేం తెలుసు, వాడు కొలతలు రాసుకునేవాడు.”

“పికప్ వద్దనుకుంటే గిటారు ముందు ఒక మైకు పెట్టుకోవచ్చు. చౌక. కాకపోతే వాయిస్తున్నంతసేపూ కదలకూడదు.”

“ఫోటో దిగుతున్నట్టు కూర్చోవాలి. పక్కన పూలకుండీ కూడా పెట్టిస్తావా?”

“మరి నీ ఇష్టం.”

“నా ఇష్టమైతే ఇన్ని మాటలెందుకు? అవునూ, నిన్న పాటలమ్మాయి నీ దగ్గరికొచ్చిందటగా.”

“ఎవరు చెప్పారు?”

“మా చెల్లెలు. కాఫీ ఇచ్చిందట. ఎందుకొచ్చింది?”

“మైకు చూపించడానికి.”

“మైకుకేమైంది?”

“ఏం కాలేదు.”

“ఏమీ కాని మైకు చూపించడానికి రెండు బస్సులు మారి వచ్చిందా?”

“నీ సంగతి కూడా అడిగింది.”

“అడుగుతుంది. పాడడం రాకపోయినా అడగడం వచ్చు. ఏమని?”

“నీకు మంచి సామాను చూసిపెట్టమంది.”

“అంతేనా?”

“అంతే.”

“నా మొహం చూసి చెప్పు.”

“అంతే బావా. తీగ వదులుగా ఉంది, బిగించనీ.”

“నాకు సామాను చూడమనడానికి ఆ అమ్మాయికేం పట్టింది? వాళ్లకి నా కుర్చీలో కీబోర్డువాణ్ణి కూర్చోబెట్టాలని ఉంది. వాడిదేముంది, అన్నీ బొత్తాలే. వాన కావాలంటే వానబొత్తం, గిటారు కావాలంటే గిటారుబొత్తం. వేళ్లు కాయలు కాయవు, తీగ తెగదు, శ్రుతి చెయ్యక్కర్లేదు. బట్టలు ఇస్త్రీ చేస్తున్నట్టు చేతులాడిస్తూ కూర్చుంటాడు. దానికి చప్పట్లు.”

“పోయిన శనివారం అసలేం జరిగింది?”

“ఏం జరగలేదు.”

“ఏం జరక్కపోతే మేనేజరెందుకంటాడు?”

“మూడో పాట. నేనొక్కణ్ణే మొదలుపెట్టాలి, తక్కినవాళ్లు తర్వాత కలుస్తారు. పెట్టాను. ముందు బల్ల దగ్గర పెద్దాయన చెంచా కింద పెట్టేసి రెండు చెవులూ మూసుకున్నాడు. పక్కబల్ల ఆవిడ చంటిపిల్లని ఎత్తుకుని లేచి పోయింది. అదంతా డ్రమ్ములవాడి ఇత్తడి పళ్లాల పుణ్యం. వాడు వాటిని వాయించడు, పగ తీర్చుకుంటాడు.”

“నువ్వొక్కడివే మొదలుపెట్టానన్నావుగా.”

“అవును.”

“మరి పళ్లాలు ఎవరు కొట్టారు?”

“గాలికి కూడా మోగుతాయవి. నీకు తెలియదు. వేదికెక్కినవాడికి తెలుస్తుంది.”

“వేదిక మీద నీ స్పీకరు ఎక్కడ పెట్టుకుంటావు?”

“ఎదురుగా. మొహానికి తగిలేలా.”

“గిటారు నోటికి ఎదురుగా పెడితే, బయటికొచ్చిన శబ్దం మళ్లీ అందులోకే దూరి కూత పెడుతుంది బావా. మైకులు కూస్తాయే, అలాగ.”

“కూస్తే నాకు తెలియదా? ఇవి చెవులా, చిలక్కొయ్యలా?”

“దానికి రబ్బరు మూత ఒకటుంటుంది. గిటారు నోటికి బిగిస్తే కూత తగ్గుతుంది. ఇన్నిట్లో చౌకైనది అదే. ఇదుగో.”

“నన్ను నోరు మూసుకుని వాయించమంటావు. అయితే పాటలమ్మాయికి కూడా సరిపోయేది ఒకటివ్వు, రెండూ కలిపి కొంటాను.”

“మూత వద్దంటే ఒక పని చెయ్యి. ఈ చిన్నదే పట్టుకెళ్లు. పక్కకి పెట్టుకుని, ట్రెబుల్ సగానికి దించి వాయించు. శనివారం ఎవరూ ఏమీ అనరు, నాది పూచీ.”

“దించాలా? మోగడం లేదు మొర్రో అని గంటనుంచి చెప్తుంటే దించమంటావా? నువ్వూ వాళ్లతో కలిశావా? జరుగు. నేనే తిప్పుతాను. ఇదేనా మీట?”

“బావా, వద్దు.”

“ఇదుగో, ఆఖరుదాకా. ఊఁ. ఇప్పుడు కాస్త ప్రాణమొచ్చింది. సన్నతీగ ఇంకా పక్కూళ్లోనే ఉంది కానీ నయం. ఏం, అలా మొహం పెట్టావు?”

“బావా, తీగల మీద చెయ్యి వెయ్యి.”

“అలా అరుస్తావేం? ఎదురుగానే ఉన్నాగా.”

“చెయ్యి వెయ్యి ఒకసారి.”

“వేశాను. ఏమైంది?”

“ఏం లేదు. ఇప్పుడు తియ్యి.”

“తీశాను. ఇదేం పరీక్ష, డాక్టరు నాలిక చాపమన్నట్టు?”

“మళ్లీ వెయ్యి.”

“వెయ్యను. ఆటలాడుకోడానికి వచ్చానా? విను. ఇదే ఖాయం, ఇలాగే పట్టుకెళ్తాను. మేనేజరు మొహానికి తిప్పి పెట్టి వాయిస్తాను.”

“వద్దు బావా.”

“నీకేం తెలుసు వద్దనడానికి? ఆరు రోజులు ఆ రంపం ముందు నిలబడతాను. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాడు లేడు. ఒరేయ్ ఇటు పట్టు, ఒరేయ్ అటు తొయ్యి. శనివారం మూడు గంటలు మాత్రం నేను చెయ్యెత్తితే ముగ్గురు ఆగుతారు, దించితే మొదలుపెడతారు. అది కూడా లేకపోతే నేను ఎవర్నయ్యా? ఈ మాట మీ అక్కయ్యకి కూడా చెప్పలేదు.”

“ఆ మీట దించు. నేనొకటి చెప్పాలి.”

“చెప్పు. మీట నిన్నేం చేసింది? వాళ్లకి చెవులే ఉంటే ఈ గొడవంతా వచ్చేదా? నలుగురం ఉన్నాం. చెవులున్నది ఒక్కడికి.”

“బావా, ముందు ఆపు.”

“ఏం ఆపాలి? నేను వాయించడం లేదుగా. చూడు, చేతులు రెండూ గాల్లోనే ఉన్నాయి.”

“అదే. చేతులు గాల్లోనే ఉన్నాయి.”

“అయితే?”

“ఏమండీ, లోపలికి వస్తారా, రారా? కంచాలు పెట్టి పావుగంటైంది. ఏం మొగుడు, ఏం అన్న. వంటింటి తలుపు వేసుకున్నా చెవులు చిల్లులు పడుతున్నాయి. పక్కింటావిడ గోడ మీంచి అడుగుతోంది, ఏం కోస్తున్నారని. ఆ కూత ఆపి రండి.”

“ఏం కూతమ్మా?”

“ఏం కూతేమిటన్నయ్యా? ఇంతసేపూ నీ ఒళ్లో అరుస్తోందిగా.”

ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. చెల్లెలు అన్నకి అడగకుండానే రెండోసారి వడ్డించింది. ఆయన వద్దనలేదు. తినడం అయ్యాక కంచం అంచు మీద వేలితో కొట్టి, “ఇది మోగిందా?” అని చెల్లెల్ని అడిగాడు.