బర్నబాసు రెండూ బిగించిన కారు

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రోడ్డు మీద, రైలు గేటు దాటగానే వెంకటప్పయ్య టీ కొట్టు, దాన్ని ఆనుకుని బర్నబాసు షెడ్డు ఉండేవి. షెడ్డు అనగానే ఏదో ఊహించుకోకండి. నాలుగు రాటలు, పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడిన మట్టి. ముప్పై ఏళ్ళుగా ఆ మట్టి మీద కూర్చుని బర్నబాసు పొలాలకు నీళ్ళు తోడే ఆయిలింజన్లు, రైసు మిల్లులు తిప్పే ఇంజన్లు విప్పి బిగిస్తూ వచ్చాడు. ఏ ఇంజనైనా సరే, దాని దగ్గర చెవి పెట్టి నాలుగు చప్పుళ్ళు వింటే దాని జబ్బేంటో చెప్పేసేవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. అది ఒకసారి తెరుచుకుందంటే మూయించడం వాళ్ళావిడ సుగుణమ్మ వల్ల కూడా అయ్యేది కాదు.

తొంభై మూడు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, మూడు దాటాక, ఆ కొట్టు ముందు ఒక ఎర్ర కారు వచ్చి ఆగింది. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు. అందులోంచి మోకాళ్ళు మడుచుకుంటూ దిగినాయన రేపల్లె పళ్ళ డాక్టరు కృపారావు. మిషనులో పనిచేసిన దొర ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ వాళ్ళ నాన్నగారికి అమ్మిన కారు అది.

"బర్నబాసు గారూ, బండికి జబ్బేం లేదండి," అన్నాడు డాక్టరు బెంచీ మీద కూర్చుంటూ. "కాకపోతే గుంటూరు వెళ్తుంటే అంబాసిడర్లు హారను కొట్టి మరీ దాటిపోతున్నాయి. పేరుకి స్పోర్ట్సు కారు, ప్రాణం పోతోందనుకోండి. మద్రాసులో ఒక దుకాణం వాడి దగ్గర దీనికి సరిపోయేవి రెండున్నాయట. ఒకటి టర్బోఛార్జరు, రెండోది సూపర్ఛార్జరు. నాలుగింటికల్లా ఏది కావాలో ఫోను చేసి చెప్పాలి, లేకపోతే రెండూ బెంగుళూరు వాళ్ళకిచ్చేస్తాడు. ఏది తెప్పించమంటారు? ఎవరి మాట మీద నమ్మకం కుదిరితే వాళ్ళ చేతే బిగించుకుంటా. పొద్దున బాపట్ల వెళ్ళి ముత్తయ్య గారినీ అడిగొచ్చాను."

ముత్తయ్య పేరు వినగానే బర్నబాసు చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. బాపట్ల ముత్తయ్యకి కార్ల మెకానిక్కని పేరు. తనకేమో ఎంత చేసినా ఊక ఇంజన్ల బర్నబాసనే పేరే మిగిలింది. ఈ ఎర్ర కారు ఒక్క వారం తన రేకుల కింద నిలబడితే చాలు, ఆదివారం చర్చికి వెళ్ళే వాళ్ళంతా ఆగి చూస్తారు, ఇక జన్మలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఆ కారు కావాలి. కావాలంటే కావాలంతే. కాకపోతే టర్బో అనేదాన్ని గానీ సూపరు అనేదాన్ని గానీ అతను కళ్ళతో చూసింది లేదు.

"ముందు మీరేమనుకుంటున్నారో చెప్పండి డాక్టరు గారూ," అన్నాడు గంభీరంగా. డాక్టరు పాపం పుస్తకాల్లో చదివిందంతా విడమరిచి చెప్పాడు. బర్నబాసు కళ్ళు మూసుకుని తలాడిస్తూ విన్నాడు. విన్నాక కళ్ళు తెరిచి, "ఓస్, ఇంతేనా! ఈ రెండూ బిగించిన చేతులండీ ఇవి," అన్నాడు.

బెంచీకి ఆ చివర సూర్యలంక సింగరయ్య కూర్చుని ఉన్నాడు. మార్కెట్లో చేపలమ్మేసి, ఖాళీ గంప పక్కన పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నాడు. ఆ మాట విని బస్సు సంగతి మర్చిపోయి ఇటు జరిగాడు.

"ఎనభై నాలుగులోనండీ," మొదలెట్టాడు బర్నబాసు. "మద్రాసు నుంచి ఒక షావుకారు గారబ్బాయి సరిగ్గా ఇలాంటి బండే వేసుకొచ్చాడు. ఎర్రది కూడాను. మావయ్యా, బండి లాగట్లేదన్నాడు. బానెట్టెత్తి గాలి జల్లెడ విప్పి చూద్దును గదా, గుప్పెడు ఊక! పొన్నూరు మిల్లుల మీదుగా వచ్చాడు, పట్టేసింది. ఉఫ్‌మని ఊదా. అంతే, లాగింది."

"ఇంతవరకూ నమ్మచ్చు," అన్నాడు వెంకటప్పయ్య గ్లాసులు కడుగుతూ.

"ఉండవయ్యా, ఇంకా మొదలే కాలా! ఆ కుర్రాడికి ఆశ పుట్టింది. మావయ్యా, ఇంకా లాగాలి అన్నాడు. చూడు బాబూ, ఇంజనుకి కావలసింది గాలి అని చెప్పా. ఎంత గాలి మింగితే అంత బలం. దానికి దారులు రెండు. పొగ గొట్టంలోంచి ఊరికే పోయే పొగ ఉంది చూశావా, దాంతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రం చేత గాలి లోపలికి తోయించావంటే అది టర్బో. దమ్మిడీ ఖర్చు లేదు, కానీ ముందు పొగ పుట్టాలి, అది చక్రాన్ని తిప్పాలి, అందుకని బలం కాస్త ఆలస్యంగా వస్తది. అలాక్కాకుండా ఇంజనుకే బెల్టు తగిలించి ఆ చక్రాన్ని తిప్పావంటే అది సూపరు. తొక్కిన క్షణానే గాలి. కాకపోతే ఆ బెల్టు తిప్పడానికి ఇంజను బలం కొంత ఖర్చవుద్ది."

పది నిమిషాల కిందట తను చెప్పిన మాటలే పొల్లు పోకుండా తిరిగొస్తుంటే డాక్టరు టీ గ్లాసు వంక చూసుకున్నాడు. బర్నబాసు ఆ చూపు గమనించాడు గానీ, అప్పటికే బండి గేర్లో పడిపోయింది.

"ముందు టర్బో బిగించా. నందివెలుగు మిల్లులో తవుడు తూర్పారబట్టే పంకా ఒకటి మూల పడుంటే తెచ్చి, రాత్రికి రాత్రి సాన పట్టి కూర్చోబెట్టా. తెల్లారి నేనూ కుర్రాడూ ఎక్కాం. ఇదిగో, ఈ గేటు దగ్గరే తొక్కా. ఏమీ లేదు. చినరావూరు వచ్చింది, ఏమీ లేదు. జంపని దాటాం, ఎడ్లబండి మమ్మల్ని దాటిపోయింది. వేమూరొచ్చేసరికి విసుగెత్తి, పద బాబూ టీ తాగుదామని దిగాం. గ్లాసు నోటి దగ్గర పెట్టానో లేదో, ఏమైందో తెలుసా? గేటు దగ్గర తొక్కిన తొక్కుడు అప్పుడొచ్చి అందుకుంది! మేం లేకుండానే కారు ఝామ్మని వెళ్ళిపోయింది."

"మరెలా పట్టుకున్నావన్నా?" అన్నాడు సింగరయ్య.

"రేపల్లె పాసింజరెక్కి భట్టిప్రోలులో పట్టుకున్నా. పరిగెత్తే రైల్లోంచి పరిగెత్తే కార్లోకి దూకా. చొక్కా గుండీ కూడా ఊడలా. సరే, రేపల్లె వచ్చింది కదా అని కాలు తీసేశా. ఇక్కడే ఉందండీ తిరకాసు. తొక్కిన సంగతి ఆలస్యంగా తెలిసినట్టే, తీసిన సంగతీ దానికి ఆలస్యంగానే తెలియాలి గదా! ఊరు దాటింది, పెనుమూడి రేవొచ్చింది, ఎదురుగా కృష్ణ. బళ్ళు దాటించే పంటు అవతల పులిగడ్డ ఒడ్డున ఉంది. కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నా. తెరిచి చూద్దును గదా, నది మీద పోతున్నా! చక్రం తడిసే లోపే ముందుకెళ్ళిపోతోంది, ఇక మునగడానికి వ్యవధేదీ? వెనక్కి చూస్తే దుమ్ము లేస్తోంది."

"నీళ్ళ మీద దుమ్మేంట్రా?" అన్నాడు వెంకటప్పయ్య.

"టైర్లకంటుకున్న రేపల్లె దుమ్ము. మరి పెనుమూడిలో కడుక్కుని రాలేదు గదా!"

"అప్పుడు నది పోటు మీదుందా, పాటు మీదుందా?" సింగరయ్యకి పడవ వాడి అనుమానం వచ్చింది.

"పోటే తమ్ముడూ, నిండుగా ఉంది. నీళ్ళు తీసే పాటులో అయితే ఇసక తిన్నె తగిలేది. పులిగడ్డ ఒడ్డెక్కాక గానీ ఆగలా." సింగరయ్య తల ఊపాడు. ఆ ఒక్క ముక్కతో అతనికి నమ్మకం కుదిరినట్టుంది. దాంతో బర్నబాసుకి ఉత్సాహం రెట్టింపయింది. డాక్టరు మాత్రం గడియారం చూసుకున్నాడు. మూడున్నర.

"ఇక లాభం లేదు, సూపరే వేద్దామనుకున్నా. మిల్లు బెల్టు, ముప్పై అడుగులది, సగానికి కోసి తగిలించా. ఈసారి బాపట్ల రోడ్డు. పొన్నూరు సెంటర్లో చిన్నగా, ఇదిగో ఇలా, బొటనవేలుతో తాకించా. అమ్మో! ఊళ్ళో గాలంతా ఒక్క గుక్కలో లాగేసిందండీ. తీగ మీద ఆరేసిన చీరలన్నీ వచ్చి బానెట్టుకి అంటుకుపోయాయి. రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపు పోతోంది. సన్నాయి ఊదేవాడు బుగ్గలు పూరించుకుని నిలబడ్డాడు, ఊదడానికి గాలి లేదు! పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఊపిరి బిగబట్టుకుని మూడు నిమిషాలు. నేను కాలు తీస్తే గానీ ఊరు ఊపిరి పీల్చుకోలా."

"పాపం, ముసలాళ్ళేమైపోయారో," అన్నాడు సింగరయ్య.

"అందుకే గదా కాలు తీసింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాపట్ల దాటి మీ సూర్యలంక వైపు తిప్పా. ఎవరూ లేరు గదా అని అక్కడ గట్టిగా తొక్కా. సముద్రం లేచి నా వెంటపడింది. లాగుతోంది గదా మరి! రెండు మైళ్ళు తరుముకొచ్చింది. కాలు తీయగానే వెనక్కి పోయింది, చేపలు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయాయి. ఆ ఏడు మీ వాళ్ళు వల తడపకుండా పట్టుకున్నారు, అడుగు!"

సింగరయ్య ఆలోచించాడు. "ఎనభై నాలుగులోనా? ఆ ఏడు మా బావ గంపెడు మాగ చేపలు రోడ్డు పక్కన దొరికాయని తెచ్చాడన్నా. ఎవరో లారీలోంచి పడ్డాయనుకున్నాం."

"లారీ! వినండి డాక్టరు గారూ, నేను పడేస్తే పేరు లారీకి!"

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి బర్నబాసుకి కారు తన షెడ్డులోకి సగం వచ్చేసినట్టే అనిపించింది. ఇంకొక్క తోపు తోస్తే చాలు. లేచి నిలబడ్డాడు.

"కుర్రాడు కాళ్ళ మీద పడ్డాడండీ. మావయ్యా, రెండూ బిగించు అన్నాడు. ఒరే వద్దురా, లోకం తట్టుకోలేదురా అన్నా. వింటేనా! బిగించా. ఇదే కొట్టు, ఇదే పొయ్యి, ఈ వెంకటప్పయ్యే పాలు పెట్టాడు. పాలు పొంగే లోపల వస్తానని చెప్పి తొక్కా. సంగం జాగర్లమూడి ఒక రెప్పపాటు, పొన్నూరు ఇంకో రెప్పపాటు, బాపట్ల, రేపల్లె, అన్నీ చుట్టేసి వెనక్కొస్తున్నా. చినరావూరు దగ్గర ఎదురుగా ఒక ఎర్ర కారు, రోడ్డుకడ్డంగా, దారివ్వడు! తల బయటపెట్టి, ఎవడ్రా నువ్వు, కళ్ళు కనపడట్లేదా అని తిట్టా. వాడూ తల బయటపెట్టి అదే మాట తిట్టాడు. చూద్దును గదా, వాడు నేనే! పోతున్న నేను ఇంకా ఊరు దాటకముందే వస్తున్న నేను వచ్చేశా! ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం దారిచ్చుకుని, ఇక్కడికొచ్చి దిగితే పాల మీద ఇంకా మీగడ కట్టలా."

సింగరయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వెంకటప్పయ్య కూడా పాలగిన్నె వంక చూసి, ఆ రోజు ఎప్పుడో గుర్తు చేసుకోబోయి మానుకున్నాడు.

"అంత తిరిగితే అది ఎంత తాగిందిరా?" అన్నాడు వెంకటప్పయ్య.

"తాగదూ మరి!" బర్నబాసు ఆ ఊపులోనే అన్నాడు. "రేపల్లె బంకులో ఆపి, బస్సుని పక్కకి జరిపించి, ఇరవై లీటర్ల డీజిలు కొట్టించా."

"డీజిలా అండీ?" అన్నాడు డాక్టరు మెల్లగా.

"డీజిలేనండీ. కల్తీ లేనిది. నేనే గుడ్డలో వడగట్టి మరీ పోయించా, నాజిళ్ళు పట్టేస్తాయని." ముప్పై ఏళ్ళ అలవాటు. మిల్లు ఇంజను ముందు రోజూ చేసే పనే నోట్లోంచి వచ్చేసింది.

సింగరయ్య గంప సర్దుకుంటూ, ఎగతాళి అన్నది లేకుండా, తెలియకే అడిగాడు. "అన్నా, మా పడవ ఇంజనుకి పోసేది డీజిలు. డాక్టరు గారి కారు పెట్రోలు బండి కదా, ఇందాక వచ్చి ఆగినప్పుడే వాసనొచ్చింది. దీంట్లో డీజిలు పోస్తే అసలు స్టార్టవుద్దా?"

బర్నబాసు నోరు తెరిచాడు. నదిని దాటించిన నోరు, సముద్రాన్ని లాక్కొచ్చిన నోరు. దానికి ఈ ఇరవై లీటర్లని దాటే దారి దొరకలేదు. వెంకటప్పయ్య పొయ్యి ఊదే నెపంతో అటు తిరిగి నవ్వుకున్నాడు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

బర్నబాసు కూర్చున్నాడు. భుజం మీది గుడ్డతో, మురికి లేని చేతులు తుడుచుకున్నాడు. "డాక్టరు గారూ," అన్నాడు, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "సిగ్గు విడిచి చెప్తున్నానండి. ఆ రెంటిలో ఒక్కదాన్నీ నేను చూడలేదు. మీ బండి నా షెడ్డులో ఉంటే బాగుంటుందని ఆశపడ్డా. అంతేనండి."

కృపారావు కోప్పడలేదు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"మీ మాట వృథా పోలేదండి. టర్బో అందుకునే లోపల టీ తాగాలన్నారు చూడండి, అది నిజం. దాటిపోయే అంబాసిడరు వాడు నేను టీ తాగేదాకా ఆగడు. నాకు తొక్కిన క్షణానే కావాలి. సూపరే తెప్పిస్తున్నా."

బర్నబాసు మొహంలోకి వెలుగొచ్చింది. "మరైతే బిగించడం..."

"బిగించడం ముత్తయ్య గారి చేతేనండి."

"ఆయన మాత్రం చూశాడాండీ వాటిని?"

"లేదనే అనుకుంటున్నా. పొద్దున ఆయన కథ కూడా విన్నాను. ఆయన బిగించిన కారు సముద్రం మీద సింహళం దాకా వెళ్ళొచ్చిందట." డాక్టరు కారు తలుపు తీశాడు. "కాకపోతే బర్నబాసు గారూ, ఆయన పెట్రోలు పోశాడు."

కారు ఫోను బూత్ వైపు వెళ్ళిపోయింది. బర్నబాసు రోడ్డు దాకా వెళ్ళి, అది కనుమరుగయ్యేదాకా చూశాడు. తిరిగొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. వెంకటప్పయ్య జాలిపడి, అడక్కుండానే ఇంకో టీ తెచ్చి చేతికిచ్చాడు.

"పోనీలేరా, నీ ఇంజన్లు నీకున్నాయి," అన్నాడు.

"అది కాదురా," అన్నాడు బర్నబాసు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా. "సింహళం దాకానట. నేను పులిగడ్డ ఒడ్డునే ఆగిపోయాను చూడు!"