ముందు వరుస

ఆగస్టు పదిహేను, ఉదయం పదిన్నర. ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత బంగళా ముందు, స్వాతంత్ర్య పోరాటం సినిమా షూటింగు. మూసిన గేటు దగ్గర ఇద్దరు: జనంలో నిలబడే జూనియర్ ఆర్టిస్టు కౌసల్య, ఆమెను కృష్ణానగర్ నుంచి వ్యానెక్కించి తెచ్చిన ఏజెంటు త్రినాథరావు.

"ఒక్క గంటనే అన్నా! పోయి ఉరికొస్త. జెర గేటు తియ్యమని చెప్పు."

"నువ్వెళ్తే ఆ జెండా ఎవరు పట్టుకుంటారు?"

"ఎల్లమ్మ పట్టుకుంటది. నా చీర కట్టి నిలవెట్టు. ఇంతమందిల ఎవలు సూస్తరు?"

"కెమెరా చూస్తుందమ్మా కౌసల్యా. ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్నావు, నేను చెప్పాలా? నిన్న ముందు వరుసలో జెండా పట్టుకుంది నువ్వు. ఇవాళ అదే సీను. మొహం మారితే కంటిన్యూటీ పోతుంది."

"నా కర్మ! ఎన్నడు లేంది నిన్ననే ఎగవడి ముందలికి పోయిన. ఎన్క నిలవడ్డోళ్ళు హాయిగ ఇండ్లల్ల పన్నరు."

"మొహం కనబడాలని తోసుకుంటూ వెళ్ళింది నువ్వేగా."

"కనవడాలనే పోయిన. ఇన్నేండ్లల ఒక్క సినిమాల గూడ నా మొకం నాకే కనవడలే... ఇప్పుడు గదంత ఎందుకన్నా. గాడ మినిస్టర్ సారు ఇండ్ల పట్టాలిస్తుండు. బస్తీ బస్తంత గాడనే ఉంది. నా గుడిసె అరవై నాలుగు."

"తెలుసమ్మా. పొద్దుట్నుంచి వందసార్లు చెప్పావు."

"చెప్తనే ఉంట. గది బండ, అన్నా. ఉత్త బండ. నేను, నా పెనిమిటి తట్టలల్ల మట్టి మోసి పోసి సదును జేసినం. ఆయన పానం గూడ గాడనే పోయింది. గప్పుడు గా దిక్కు సూసినోడు లేడు. హైటెక్ సిటీ వచ్చినంక అందరి కండ్లు పడ్డయ్."

"అందుకేగా పట్టా ఇస్తున్నారు. సంతోషించు."

"చేతికొచ్చినంక సంతోషిస్త. మనిషి లేకుంటే పేరు కొట్టేస్తరంట."

"పేరెక్కడుంది కొట్టెయ్యడానికి? టోకెను మీద గుడిసె నంబరొక్కటే ఉంది."

"గదే నా బుగులు! పేరు గాడనే రాస్తరంట. ఫొటో అంటిస్తరంట, ఏలిముద్ర ఏపిస్తరంట. నేను లేకుంటెట్ల?"

"ఎందుకంత కంగారు? మా ఆవిడ అమ్మాజీ నీ టోకెను పట్టుకుని లైన్లో నించుందా లేదా? నీ నంబరు దగ్గరికి రాగానే సెల్లు కొడుతుంది. బండి మీద ఐదు నిమిషాల్లో నిన్నక్కడ దించుతాను. అనుకున్నది అదేగా?"

"అదే. నువ్వియ్యమన్నవని వదినె చేతిల పెట్టిన. మరి జెర ఫోన్ కొట్టి అడుగు, ఎంతల ఉందో."

"ఇప్పుడే కొట్టాను."

"ఎప్పుడు? నేను నీ పక్కనే ఉన్న గద."

"అదే, ఇందాక. వ్యాను దగ్గర. మినిస్టరు గారు ఇంకా రాలేదట. ముప్పయ్యో నంబరు నడుస్తోందట."

"రాకుంటనే ముప్పై నంబర్లు పిలిచిండ్రా?"

"అబ్బబ్బ! వచ్చారో రాలేదో, నేనేమన్నా అక్కడున్నానా? ప్రతి మాటకీ యాగీ చెయ్యకు."

"లొల్లి జేస్తలేనన్నా. పొద్దటి సంది స్వతంత్రం వచ్చింది, స్వతంత్రం వచ్చిందని మాతోని ఒర్రిపిస్తున్నరు. గేటు దాటనిస్తలేరు."

"ఇదుగో, ఈ నీళ్ళు తాగు."

"నాకొద్దు. నీకు ఎర్క గద అన్నా. కాకినాడ కెల్లి ఒక్క సంచి పట్టుకొని దిగితివి. ఆర్నెల్లు నా గుడిసెలనే పన్నవ్. వదినె గూడ గాడికే వచ్చింది."

"ఎన్నిసార్లు దెప్పుతావు కౌసల్యా?"

"దెప్పుతలేను. మీరిద్దరు తిని పన్న గుడిసెనే అంటున్న. గది నాకు దక్కాలె. గంతే."

"దక్కుతుందిలే."

"నా దిక్కు సూసి చెప్పరాదు."

"త్రినాథరావు గారూ! పోలీసు వేషాల్లో ఒకడు తక్కువయ్యాడు. ఎవర్ని పంపుతారు?"

"ఎవరూ లేరు మనోజ్ఞ మేడం. తెచ్చినవాళ్ళంతా జనంలోనే ఉన్నారు."

"మేడం, మీరు అసిస్టెంట్ డైరెక్టర్ గద, మీరన్న చెప్పుండ్రి. ఒక్క గంట..."

"ఉండమ్మా. త్రినాథరావు గారూ, మీరే వేసుకోండి డ్రెస్. దొర పక్కన లాఠీ పట్టుకుని నించుంటే చాలు."

"నేనా? నాకు ఫోన్లొస్తుంటాయి మేడం!"

"షాట్‌లో ఫోన్ మోగితే డైరెక్టర్ గారు దాన్ని పగలగొడతారు, తర్వాత మిమ్మల్ని. ఇటివ్వండి. ఇదుగోమ్మా, నువ్వు పట్టుకో. నువ్వెలాగూ ఖాళీయే."

"ఖాళీ ఏంటి మేడం? కౌసల్య ముందు వరుస. కంటిన్యూటీ..."

"ముందు వరుస నిన్ననే అయిపోయింది కదండీ! ఇవాళంతా లాఠీచార్జి. జనాన్ని వెనకనుంచే తీస్తాం. సాయంత్రమే చెప్పాను మీకు, ఈమె అక్కర్లేదని."

"ఏమన్నరు మేడం?"

"అదే అమ్మా, నీతో పనేం లేదివాళ. ఈయనే ఉండనివ్వండి అన్నారు. నిన్ను బయటికి వదలొద్దని వాచ్‌మన్‌కి చెప్పింది కూడా ఈయనే. నీకు తెలీదా?"

"అన్నా?"

"అది కాదు కౌసల్యా. ఒకవేళ అవసరం పడుతుందేమోనని..."

"అన్నా, గేటు ఎందుకు మూయించినవ్?"

"టోపీ పెట్టుకోండి త్రినాథరావు గారూ! లాఠీ ఏదీ? రండి రండి, ఎండ మారిపోతోంది."

"మేడం, ఒక్క నిమిషం! ఆ ఫోన్..."

"తర్వాత! అందరూ రెడీ. భారత్ మాతా కీ..."

"జై!"

"ఇంకా గట్టిగా! భారత్ మాతా కీ..."

"జై! జై!"

"కౌసల్యా, మోగుతోందా? ఎత్తకు! నీకు దండం పెడతాను, ఎత్తకు!"

"హలో, ఏవండీ! అబ్బ, ఏం అరుపులండీ అవి? షాట్‌లో ఉన్నారా? మాట్లాడొద్దులెండి, నేను చెప్పేది వినండి. పనైపోయింది. అరవై నాలుగు పిలిచారు, అమ్మాజీ అని రాయించేశాను. ఫొటో అంటించారు, వేలిముద్ర కూడా వేయించుకున్నారు. మినిస్టరు గారు స్వయంగా నా చేతికే ఇచ్చారు పట్టా. ఏవండీ, వింటున్నారా? ఇక కౌసల్యని వదిలెయ్యండి, పాపం. ఎంతసేపని నిలబెడతారు ఆ ఎండలో."