గున్‌వోర్ కారుకు అతుకు

సొంత అక్క గున్‌వోర్ అంత్యక్రియలకు బావమరిది రాలేదు. ఇవాళ మాత్రం షెడ్డుకొచ్చి, ఆమె పాత కారు అడుగు రేకుకు ఆమె మొగుడు ముసలాయన వేస్తున్న వెల్డింగు చూసి నవ్వాడు.

“అతుకేస్తున్నావా బావా, జల్లెడ చేస్తున్నావా? మంచు కరగాలని రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ బండిని తినేసింది. తుక్కుకిచ్చెయ్యరాదూ?”

“బండి ఫిట్‌నెస్ తనిఖీవాళ్లూ అదే కూశారు. ఇవ్వను.”

“పల్చటి రేకు. వెల్డింగు ఆపకుండా గీతలా లాగితే చిల్లే. ఒక చుక్క పెట్టి, చల్లారాక ఇంకోటి పెట్టాలి. ఇటు తే, నేనేస్తా.”

“ముట్టుకోకు. మీ అక్కను ఒక్కణ్ణే సాగనంపా. ఆమె కారుకూ ఒక్కణ్ణే అతుకేస్తా.”

“ఆ రోజు నేనెందుకు రాలేదంటే...”

ముసలాయన ఒక చుక్క పెట్టాడు. ఈసారి చిల్లు పడలేదు. ఎరుపు తగ్గి నల్లబడేదాకా ఆగాడు.

“తరవాతి చుక్క ఎక్కడో చెప్పు. ఆ సంగతి నువ్వెత్తొద్దు. నేనూ ఈ జన్మలో ఎత్తను.”