మూడో గుడారం

ఎన్నిసార్లు చెప్పాలయ్యా, కూచోమని! సలాము కొట్టి అలా గుమ్మంలో నిలబడితే తలెత్తి చూడలేక నా మెడ పట్టేస్తోంది. మిలిటరీ ఆసుపత్రిలో మేట్రన్ ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్ళయింది. ఈ లాన్సెస్టన్‌లో నన్నెవరూ పలకరించరు. హాయిగా ఉంది.

ఏమిటీ? మీ ప్రాణం నేను కాపాడానా? ఎవరండీ చెప్పింది!

ఆగండి, కెర్‌స్లేక్ గారూ. దణ్ణాలు తర్వాత. ముందు వినండి.

యుద్ధంలో మా గుడారాల ఆసుపత్రి లెమ్నాస్ దీవిలో. గల్లిపోలి యుద్ధరంగం నుంచి ఓడలో ఒక్కరోజే గాయపడ్డవాళ్ళు ఎనిమిది వందలమంది దిగారు. మేం నలభైమంది నర్సులం. కట్లకి గుడ్డ లేక లోపావడాలు చింపాం.

మూడో గుడారం గుర్తుందా? లేదా? పోనీలెండి. బతకరనుకున్నవాళ్ళని అక్కడ పడుకోబెట్టేవాళ్ళం. అటెవరూ వెళ్ళొద్దని ఆర్డరు వేశాను. ఉన్న చేతులు బతికేవాళ్ళకే చాలవు మరి. మీకు తొడలో గాయం. నాడి అందలేదు. అక్కడికి పంపింది నేనే.

హెస్టర్ డూలన్ అని నా దగ్గర ఓ నర్సు. తన భోజనం వేళలో చాటుగా వచ్చి మీకు ఉప్పునీళ్ళు ఎక్కించింది. మూడు రోజులు. నాలుగోరోజు మీరు కళ్ళు తెరిచారు.

"చూడండి మేట్రన్, ఈయన బతికాడు!" అని నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది. పక్కనే ఆసుపత్రి పనులు చేసే ఆర్డర్లీలు. ఆడదాని మాట మేం వినడమేమిటని బకెట్టు కూడా ఎత్తని మగాళ్ళు. నెలరోజులు కల్నల్‌తో పోట్లాడి, నా మాటే ఆజ్ఞ అని కాగితం రాయించుకుని వారమైందంతే. నా నర్సే నా మాట దాటితే వాళ్ళు వింటారా?

తర్వాతి ఓడలో హెస్టర్ని ఇంటికి పంపేశాను. ఆమె కాగితంలో "సైనిక సేవకు పనికిరాదు" అని రాశాను.

ఏడ్వలేదు ఆ పిల్ల. "ఆయనకి పూటపూటా కట్టు మార్చండి, మేట్రన్" అంది. మార్చానా? ఏమో. ఎవరో మార్చే ఉంటారు, మీరు బతికున్నారుగా.

ఆ తర్వాత నా మాటకి ఎదురు లేదు. ఆడది అంత పైకి రావడం అదే మొదలన్నారు. మూడువందలమంది నర్సులు నా కింద. పతకం కూడా ఇచ్చారు. నేను రాసిన ఆ కాగితం చూసి హెస్టర్‌కి మాత్రం ఏ ఆసుపత్రీ ఉద్యోగం ఇవ్వలేదు.

అలా చూడకండి. ఏడుపు రాదు నాకు. అక్కడే ఎప్పుడో మొద్దుబారిపోయాను.

హోబార్ట్‌లో ఓ లాండ్రీలో ఇప్పుడు హెస్టర్ దుప్పట్లు ఉతుకుతోందట. అడ్రసు రాసుకోండి. ఎలా తెలుసంటారా? రెండుసార్లు ఆ వీధి మలుపు దాకా వెళ్ళొచ్చాను.

ఆమెకి నా పేరు మాత్రం చెప్పకండి.

చెప్పినా ఏముందిలే. చెప్పండి.