గొర్రెల కాటమయ్య చెప్పిన సాక్ష్యం

ఓబుళమ్మని మా గుండ్లవంక పల్లెలో ఎరగనోళ్లు లేరు. మొగుడు నరసన్నకి చూపు పోయినాక, నాగలి పట్టేది కాడ్నించి కళ్లం ఊడ్చేదాకా అంతా ఆమే. రెండెకరాల మెట్ట చేను, ఏటికొక పంట శెనక్కాయ, అంతే వాళ్ల బతుకు. దానికి తూరుపు పక్క చెన్నారాయుడిది పదహైదెకరాలు. నరసన్న నాయన, రాయుడి నాయన కలిసి ఒకే కాయితం మీద కొని, మధ్యలో గట్టేసుకొని పంచుకున్నారంట. ఆ గట్టే గుర్తు, ఇంకే రాతా లేదు. ఏమైందంటే, ఒక ఎండాకాలం మొగుడికి కండ్లు చూపించేదానికి ఈమె పట్నం ఆసుపత్రిలో నెల దినాలు ఉండాల్సి వచ్చె. తిరిగొచ్చి చూస్తే గట్టు లేదు. రాయుడు ట్రాక్టరు పెట్టి రెండు చేన్లూ ఒకటి చేసేసినాడు. ఈమె వాన పడంగానే తన చేన్లోకి దిగి విత్తనం వేసింది. అంతే, నా చేన్లోకి ఇది అక్రమంగా దిగింది అని రాయుడు కోర్టులో కేసేసినాడు. తన చేన్లోకి తాను దిగితే తప్పైపోయిందనుకో, ఎట్లుంటాది చెప్పండి! తీర్పు వచ్చేదాకా ఆ రెండెకరాల్లోకి ఎవరూ దిగగూడదనె కోర్టు. మూడేండ్లు ఆ నేల బీడు పడింది. ఆమె కూలికి పోయి మొగుడికింత సంగటి పెట్టేది.

ఆమె ప్లీడరు ఏమన్నాడంటే, అమ్మా, ఆ చేను నువ్వు చేసుకుంటా ఉంటివని చెప్పే మనిషి ఒక్కడన్నా కావాల అన్నాడంట. ఊరంతా ఎరిగిందే గదా అని ఇంటింటికీ పోయి అడిగింది. ఒక్కరూ ముందుకు రాలే. రాయుడి బోరు నీళ్లతోనే సగం ఊరి మళ్లు పారేవి, ఇంకెవరు నోరు తెరుస్తారు? అప్పుడామెకి కాటమయ్య గుర్తొచ్చినాడు. కాటమయ్య అంటే కొండకవతల గొర్రెలోడు. ప్రతి యేడూ పంట కోసినాక మూడొందల గొర్రెల్ని తోలుకొచ్చి, ఒక్కో చేన్లో కొన్ని దినాలు మంద కట్టేవాడు. పెంటికలతో నేల బలమవుతాది, ఆ చేనోళ్లు అన్నాళ్లూ గొర్రెలోళ్లకి కూడు పెడతారు, అదీ పద్ధతి. ఓబుళమ్మ బస్సు దిగి, నడిచి నడిచి వాళ్లూరు పోయింది. సంగతి వినంగానే కాటమయ్య పెండ్లాం అడ్డం పడిందంట. "నీ బాధ మాకు తెలుస్తాదమ్మా. ఎండాకాలం మా గొర్రెలు నీళ్లు తాగేది రాయుడి తొట్టికాడే. ఆయన వద్దంటే జీవాలు చస్తాయి" అనింది. అబద్ధమేం కాదు గదా. ఓబుళమ్మ లేచి, సరేలే తల్లీ, మిమ్మల్ని చెరిపి నేను బాగుపడేది వద్దు అని వచ్చేస్తా ఉంటే, కాటమయ్య వాకిట్లోకి వచ్చి, వాయిదా ఎప్పుడమ్మా అని అడిగినాడంట.

వాయిదా దినం పొద్దున్నే భుజాన కంబళితో కోర్టు కాడికి వచ్చి నిలబడినాడు. రాయుడి ప్లీడరు గట్టోడు. ఈమె కూడు తిన్నావు గాబట్టే ఈమె పక్క చెప్తా ఉండావు, అవునా కాదా అని గుచ్చినాడు. దానికి కాటమయ్య అన్నాడు గదా, "తిన్నాను సామీ. ఆయమ్మ ఇంట్లో తిన్నా, రాయుడింట్లోనూ తిన్నా. ఇద్దరూ కడుపు నిండా పెట్టినారు. అది తిన్న నోటితో అబద్ధం చెప్పలేను. పన్నెండేండ్లు రాయుడి చేన్లో మంద కట్టినా. ఆకరు దినం గట్టు కాడికొచ్చి, నాది అయిపోయింది, ఇంక ఓబుళమ్మ చేన్లోకి తోలుకో అని చెప్పేది ఈ రాయుడే. కాదేమో అడగండి సామీ." జడ్జి రాయుణ్ణి బోనెక్కించి అడిగినాడంట. రాయుడు కాటమయ్య మొగం చూసినాడు, కింద చూసినాడు. కోర్టు నిండా మా ఊరోళ్లే. అన్నాను సామీ, అన్నాడు. ఆయన ప్లీడరే బిత్తరపోయినాడంట. ఇంకేముంది, కేసు కొట్టేసి, పాత గట్టు పాత చోటే వేసి చేను ఆమెకి అప్పజెప్పమని రాసినాడు జడ్జి. బయట ఓబుళమ్మ కాటమయ్య కాళ్లు పట్టుకోబోతే, ఆయన ఎనక్కి జరిగి, వద్దు తల్లీ, పోయి చేను దున్నుకోపో అన్నాడంట.

మళ్లా ఎండాకాలం వచ్చె, మంద రాలే. రాయుడు నీళ్లియ్యడేమోనని కాటమయ్య మా ఊరు తగలకుండా చుట్టు దారిలో తోలుకుపోతా ఉండాడని తెలిసి, ఓబుళమ్మ ఎదురుపోయింది. నా చేన్లో కట్టన్నా, నీళ్లు నేను పోస్తా అనింది. మూడొందల గొర్రెలకి ఒక్క ఆడమనిషి! ఎండిన వంకలో ఇసక తవ్వి, నీళ్ల చెలమ తీసి, బిందెతో మోస్తా ఉంది. అది చూసి ముందు ఒకామె బిందె ఎత్తుకొని పోయింది, ఆమె ఎనకాల ఇంకొకామె, పొద్దెక్కేసరికి వంక కాడ్నించి చేను దాకా ఆడోళ్లే అనుకో. మూడో దినం పొద్దున చూస్తే రాయుడి మోటరు ఆడతా ఉంది, తొట్టి నిండి పొర్లిపోతా ఉంది. ఆయన రమ్మనీ అనలే, వద్దనీ అనలే. కాటమయ్య మందని ఆ పక్కకి తిప్పినాడు. ఓబుళమ్మ పోయి రాయుడికి కూడా దండం పెట్టింది. "ఆ దినం నువ్వు కాదనుంటే నాకు దిక్కు లేదన్నా" అనింది. ఆయన కండువాతో మొగం తుడుచుకొని మోటరు కాడికి పోయినాడంట.

ఇప్పటికీ ఆ చేన్లో పండిన తొలి శెనక్కాయ మూట కొండ దాటి కాటమయ్య ఇంటికే పోతాది. బిందెలు మోసిన ఆడోళ్లలో మాయమ్మ కూడా ఉండె. ఆ సంగతి సచ్చేదాకా గొప్పగా చెప్పుకునేది. సాక్ష్యానికి రమ్మని ఓబుళమ్మ వచ్చినప్పుడు తలుపు తియ్యనోళ్లలోనూ ఉండె. ఆ మాట మాత్రం ఎప్పుడూ చెప్పేది కాదు. నేను చెప్తా ఉండా, లేకుంటే నేను సగం సాక్ష్యం చెప్పినట్టే గదా.